గోడ నీళ్లు తాగాలి

మగ్గు నిండా నీళ్లు తీసుకుని గోడ మీద కొట్టండి. ఇంకాస్త దగ్గరికి వచ్చి చూడండి.

కాంపౌండు గోడ మీద పడ్డ నీళ్లు పడ్డచోటే ఇంకిపోతున్నాయి. ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేసిన సిమెంట్ బ్లాకులు, బూడిదరంగు నుంచి నల్లబడుతున్నాయి. బాగుంది. ఇప్పుడు రెండడుగులు పక్కకు జరిగి గేటు పిల్లర్ మీద కొట్టండి. ఇక్కడ నీళ్లు ఇంకడం లేదు. బొట్లు బొట్లుగా నిలబడి, ఒకదానితో ఒకటి కలిసి, గబగబా కిందికి జారిపోతున్నాయి. పిల్లర్ రంగు ఏమీ మారలేదు.

మీ పక్కన నిలబడ్డ మేస్త్రీ కూడా చూశాడు. చూడనట్టు తాపీ కడుక్కుంటున్నాడు.

మే నెల, ఉదయం ఐదున్నర. హైదరాబాద్ శివారులో, హయత్‌నగర్ దాటాక ఉన్న కాలనీ. వారంలో మీ చెల్లెలి పెళ్లి. పందిరివాళ్లు వచ్చేలోగా గేటు పిల్లర్లకూ, ముందు గోడకూ రాతి తొడుగు వేయాలి. అచ్చుల్లో పోసి చేసిన రాయి, డబ్బాల్లో వచ్చి వరండాలో ఉంది. రావాల్సిన కూలీల్లో ఒకతను రాలేదు. అందుకే మీరు పాత చొక్కా వేసుకుని దిగారు. ఇవాళ మీరే మూడో మనిషి.

"ఏం గాదు సార్," అంటాడు మేస్త్రీ. "పిల్లర్‌కు ఉలితోని నాలుగు గాట్లు కొట్టి ఎక్కిస్త. కెమికల్ ఉంది గద, పట్టుకుంటది."

ఒప్పుకుంటే పని గంట ముందు మొదలవుతుంది. ఒప్పుకోవచ్చు కూడా, ఆయన ఇరవై ఏళ్లుగా తాపీ పట్టినవాడు. కానీ ముందు పిల్లర్ మీద మీ బొటనవేలి గోరు పెట్టి గీకి చూడండి. దసరాకు వేయించిన పెయింటు సన్నటి పొరగా లేచి గోరు కిందికి వచ్చింది. మీరు అంటించే రాయి ఈ పొరనే పట్టుకుంటుంది. ఈ పొర బ్లాకును ఎంత గట్టిగా పట్టుకుందో రాయి బలం అంతే. గాటు పడ్డచోట బ్లాకు బయటపడుతుంది, నిజమే. గాటుకూ గాటుకూ మధ్య ఉన్నదంతా పెయింటే.

మీ ముందు రెండు దారులున్నాయి. జింకు పూత పూసిన ఇనుప జాలీని బోల్టులతో బ్లాకులకు బిగించి, దాని మీద అర అంగుళం మాలు పట్టించి, గీతలు గీసి, గట్టిపడ్డాక రాయి ఎక్కించడం ఒకటి. అది మంచి పద్ధతే, కాకపోతే రోజులు పడుతుంది. పెయింటు పూర్తిగా పోయి బ్లాకు బయటపడేదాకా గ్రైండర్‌తో అరగదీయడం రెండోది. దానికి ఈ పూట చాలు.

గ్రైండర్ తీయండి.

మేస్త్రీ మొహానికి తువ్వాలు చుట్టుకుంటున్నాడు. అది చాలదు. నిన్న మెడికల్ షాపులో కాకుండా హార్డ్‌వేర్ షాపులో కొన్న, ఫిల్టరున్న మాస్కు ఒకటి ఆయనకివ్వండి, ఒకటి మీరు పెట్టుకోండి, మూడోది మాలు కలిపే అక్కకివ్వండి. బ్లాకును అరగదీస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతాయి, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. మీరు పీల్చేది ఈ ఒక్క పూట. వాళ్లు ఏ గోడ దగ్గరికి వెళ్లినా ఇదే ధూళి. ఆయన మొదట వద్దంటాడు, ఊపిరాడదంటాడు. పెట్టుకునేదాకా గ్రైండర్ ప్లగ్గు పెట్టకండి.

చక్రం పిల్లర్‌ను తాకగానే మోచేతుల దాకా జలదరిస్తుంది. తెల్లటి పొగ లేస్తుంది. ఒకేచోట ఆపితే గుంట పడుతుంది, కాబట్టి చెయ్యి ఆడిస్తూనే ఉండండి. పెయింటు పోతుంది, దాని కింద పుట్టీ, దాని కింద బ్లాకు గరుకు. భుజాలు లాగుతుంటే పిల్లర్ నాలుగు ముఖాలూ బూడిదరంగుకు తిరుగుతాయి. పని అయిపోయిందనిపిస్తుంది.

అరచేత్తో ఒకసారి రాసి చూడండి. చెయ్యి తెల్లగా అయింది. ఈ పొడి కూడా పెయింటు లాంటిదే. రాయికీ గోడకూ మధ్య దూరి కూర్చుంటుంది. బ్రష్షుతో దులిపి, పైపు పెట్టి పైనుంచి కడగండి. మళ్లీ రాయండి. ఈసారి చెయ్యి తడిసింది, తెల్లబడలేదు. మళ్లీ మగ్గుతో కొట్టండి. పిల్లర్ నల్లబడింది.

మేస్త్రీ ఏమీ అనడు. ఇంకో పిల్లర్ దగ్గరికి వెళ్లి గ్రైండర్ తనే అందుకుంటాడు.

ఇప్పుడు డబ్బా విప్పండి. బరువుంటుందని నడుం బిగించి వంగుతారు, తీరా చూస్తే రాయి అనుకున్నదానికన్నా సులువుగా లేస్తుంది. ముఖం చూస్తే కొండలోంచి చీల్చి తెచ్చినట్టే ఉంది. తిప్పి చూస్తే వెనుక చదునుగా, గరుకుగా సిమెంటు. అసలు రాళ్ల మీద తీసిన అచ్చుల్లో సిమెంటూ, తేలికపాటి కంకరా, ఐరన్ ఆక్సైడ్ రంగులూ కలిపి పోస్తే వచ్చిన రాయి ఇది. తాండూరు బండ, కడప బండ, బేతంచర్ల బండ దొరికే చోట అచ్చు రాయి దేనికని మీ నాన్న నిన్నంతా అడుగుతూనే ఉన్నారు. జవాబు మీ చేతిలోనే ఉంది. రెండంగుళాల మందం గ్రానైట్ పరిస్తే చదరపు మీటరుకు 135 కిలోల దాకా తూగుతుంది. ఇది 50 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. కింద ప్రత్యేకంగా పునాది అక్కర్లేకుండా, గోడకు అంటుకునే నిలబడగలుగుతుంది. అమెరికా మేసనరీ కోడ్ టీఎంఎస్ 402 2016 కూర్పు ఇలా అంటించే తొడుగుకు గీసిన గీత చదరపు మీటరుకు 73 కిలోలు. అది దాటితే వేరే ఆధారం చూసుకోవాలి.

అదే కోడ్ ఇంకో మాట కూడా చెబుతుంది. రాయికీ గోడకూ మధ్య పట్టు చదరపు అంగుళానికి కనీసం 50 పౌండ్లు ఉండాలి, అంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు. మీ చేతిలో ఉన్న రాయి పొడవు నలభై సెంటీమీటర్లు, ఎత్తు పదిహేను. లెక్క కట్టండి. వీపు మొత్తం సరిగ్గా అంటుకుంటే గోడ వెంట కిందికి లాగే రెండు టన్నుల బరువుకు ఓర్చుకోవాలి. రాయి బరువు చూస్తే మూడు కిలోలు.

మరి రాళ్లు ఎందుకు ఊడిపడతాయి? వీధి చివర ఇంటి గోడకు ఊడిన రాళ్ల జాడలు రోజూ చూస్తూనే ఉన్నారు. అవి బరువుకు పడినవి కావు. దుమ్ముకు పడ్డాయి, పెయింటుకు పడ్డాయి, ఎండిపోయిన మాలుకు పడ్డాయి. రెండు టన్నుల పట్టు రావాల్సిన చోట పిడికెడు కూడా దొరకలేదు వాటికి.

ఒక్క డబ్బాతో మొదలుపెట్టకండి. నాలుగైదు డబ్బాలు విప్పి వాకిట్లో పరవండి. ఒక డబ్బాలోవి కాస్త ఎర్రగా, ఇంకో డబ్బాలోవి బూడిదగా ఉంటాయి. కలిపి తీసుకోకపోతే గోడ మీద అతుకులు కనిపిస్తాయి. పొడుగువీ పొట్టివీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మూల రాళ్లు విడిగా తీయండి. మూల రాయికి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి ఉంటుంది. ఒక వరసలో పొడుగు చెయ్యి ఇటు వస్తే, పై వరసలో అటు రావాలి. పని ఎప్పుడూ మూల నుంచే మొదలవుతుంది.

మేస్త్రీ మొదటి రాయిని నేలకు ఆనించబోతున్నాడు. ఆపండి.

గోడ కింద మల్లె పాదుంది. పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తారు. మట్టికి తగిలిన రాయి ఆ చెమ్మను పైకి లాగుతుంది, కొన్నాళ్లకు కింది వరసల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. మట్టి ఉన్నచోట నాలుగంగుళాలు, గచ్చు ఉన్నచోట రెండంగుళాలు వదలాలి. నాలుగంగుళాల ఎత్తున ఒక చెక్కపట్టీ మేకులతో కొట్టి, మట్టం చూసుకోండి. మొదటి వరస ఆ పట్టీ మీద కూర్చుంటుంది. ఇక్కడ బొట్టెడు వంకర ఉంటే పైకి వెళ్లేసరికి బెత్తెడవుతుంది.

"కలుపున్నా సార్?" అంటుంది అక్క.

సగం బస్తానే కలపమనండి. బస్తా మీద ఐ.ఎస్. 15477 అని, అంటే టైళ్లూ రాళ్లూ అంటించే మాలుకు ఉన్న ప్రమాణం, చూసే కొన్నారు కాబట్టి దాని సంగతి సరే. నీళ్లు ముందు, పొడి తరవాత. బస్తా మీద ఎంత రాసి ఉంటే అంతే నీళ్లు, చెయ్యి వాటం కాదు. కలిపాక ఐదారు నిమిషాలు వదిలేసి మళ్లీ ఒకసారి కలపాలి. తాపీతో తీస్తే గడ్డ పెరుగులా నిలబడాలి, జారకూడదు.

గోడ మీద నీళ్లు చిలకరించండి. తడి మెరుపు పోయేదాకా ఆగండి. ఎండిన బ్లాకు మాలులోని నీళ్లు లాగేసుకుంటుంది, సిమెంటు గట్టిపడటానికి నీళ్లుండవు. అలాగని నీళ్లు కారుతున్న గోడా పనికిరాదు. చెమ్మగా ఉండాలి, పైన నీళ్లు నిలవకూడదు. రాయి వీపూ అంతే.

మేస్త్రీ రాయి అందుకున్నాడు. వీపు మీద నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి. టపటపా పెట్టేశాడు. ఈ చేతివేగం ఎన్నో ఇళ్లకు ఎక్కిన వేగం. గోడ వంకరగా ఉన్నా ముద్దలు సర్దేస్తాయి, అందుకే అందరికీ ఇష్టం. కానీ ఆ ముద్దల మధ్య ఖాళీలోకి వాన నీళ్లు దిగుతాయి, బయటికి రాలేవు. రాయి మీద ఎక్కడ వేలితో కొట్టినా డొల్ల.

ఇప్పుడు మీరు మాట్లాడాలి. ఇరవై ఏళ్ల చేతికి ఎదురుచెప్పడం సులువు కాదు. చెప్పాల్సింది ఇప్పుడే, పది వరసలయ్యాక కాదు.

"మేస్త్రీ, గోడకు మొత్తం పట్టిద్దాం. రాయి వీపుకు కూడా మొత్తం. ముద్దలొద్దు."

"మస్తు మాలు పోతది సార్."

"పోనీ. ఇంకో రెండు బస్తాలు తెప్పిస్తా."

ఆయన మీ వైపు ఒక క్షణం చూసి, ముద్దలు గీకేస్తాడు. గోడ మీద తాపీతో గట్టిగా అదిమి ఒక పొర, దాని మీద ఇంకాస్త. రాయి వీపు మీద అంచు నుంచి అంచుకు ఇంకో పొర. ఇప్పుడు మీ వంతు. రాయిని రెండు చేతులా పట్టుకుని పెట్టి, నొక్కండి. ఊరికే నొక్కడం కాదు, అటూఇటూ కాస్త ఆడిస్తూ నొక్కండి. అరచేతి కింద మాలు కదలడం తెలుస్తుంది. నాలుగు అంచుల నుంచీ సన్నగా బయటికి వచ్చింది. ఎక్కడైనా రాకపోతే అక్కడ లోపల ఖాళీ ఉన్నట్టే. వచ్చింది కదా, చేతులు తీసేయండి. ఇక దాన్ని ముట్టుకోకండి.

ఐదారు రాళ్లయ్యాక మీకు అనుమానం రావాలి. రాకపోయినా తెచ్చుకోండి. చివరి రాయిని ఇప్పుడే, పచ్చిగా ఉండగానే, ఊడబీకి చూడండి. మేస్త్రీకి ప్రాణం ఉసూరుమంటుంది, కానీ బీకండి. చప్పుడు చేస్తూ ఊడింది. గోడ మీద మాలు ఉంది, రాయి వీపు మీదా ఉంది, ఒక మూల మాత్రం రూపాయి బిళ్లంత చోట వీపు పొడిగా కనిపిస్తోంది. మీ ఎడమచెయ్యి సరిగా నొక్కలేదు. రెండు వైపులా గీకి, మళ్లీ పట్టించి, ఈసారి ఎడమచేత్తో కూడా నొక్కండి.

గోడా పిల్లరూ కలిసేచోట నిలువునా ఒక సన్నటి పగులుంది. మేస్త్రీ పొడుగు రాయి తీసుకుని దాన్ని కప్పేద్దామంటున్నాడు. కప్పొద్దు. గోడ వేరు, పిల్లర్ వేరు. ఎండకు రెండూ వేరువేరుగా కదులుతాయి. రెంటినీ కలిపి కట్టేసిన రాయే మొదట చిట్లుతుంది. అక్కడ అర అంగుళం లోపు సందు వదిలి, చివర్లో సీలెంట్ నింపించండి.

వరస మీద వరస ఎక్కుతోంది. గోడ పడమటి ముఖంది, ఇంకా నీడలోనే ఉంది. అయినా గాలి వేడెక్కింది. పదిన్నర దాటింది. చెమట కంట్లోకి దిగుతోంది.

గోడ మీద పట్టించిన మాలును వేలితో తాకండి. వేలికి అంటలేదు.

పైకి తడిగానే కనిపిస్తోంది, కానీ సన్నటి తోలు కట్టేసింది. ఇప్పుడు దీని మీద రాయి పెడితే తోలుకు తగులుతుంది, లోపలికి పోదు. మాలు పట్టించాక రాయి పెట్టడానికి బస్తా మీద రాసిన ఇరవై నిమిషాల గడువు ఇంత ఎండకూ ఇంత గాలికీ రాసింది కాదు. తాపీతో గీకి గమేళాలో వేయండి. గమేళాలోదీ బిగుస్తోంది. అక్క మగ్గు ముంచింది.

"జర్ర నీళ్లు పోస్తే మెత్తగైతది సార్."

మెత్తగవుతుంది, నిజమే. బిగియడం మొదలైన సిమెంటును నీళ్లతో మెత్తబరిస్తే చేతికి వస్తుంది, పట్టు మాత్రం రాదు. పారబోయించండి. వందల రూపాయల మాలు మట్టిలో పడుతుంటే చూడటం కష్టంగా ఉంటుంది. మేస్త్రీ ఈలోగా చేతిలో ఉన్న రాయిని గోడకు పెట్టేశాడు. ఏ మాలు మీద పెట్టాడో మీరు చూడలేదు.

పదకొండుకు పని ఆపండి. ఆకుపచ్చ జాలీ తెచ్చి గోడకు నీడ కట్టండి. కీళ్లలో బయటికి వచ్చిన మాలును తడిబట్టతో తుడవబోతున్నారు, వద్దు. తుడిస్తే రాయి ముఖమంతా పులుముకుంటుంది. పొడిపొడిగా రాలే దశకు వచ్చాక పొడి బ్రష్షుతో దులిపితే జాడ లేకుండా పోతుంది. మేస్త్రీ సంచిలో యాసిడ్ సీసా కనిపిస్తోంది, చివర్లో కడగడానికి. అది ఈ రాయిని తాకకూడదు. దీని ఒళ్లంతా సిమెంటు. యాసిడ్ సిమెంటునూ తింటుంది, రంగునూ తింటుంది. సీసా లోపల పెట్టించేయండి.

నాలుగు గంటలకు మళ్లీ మొదలు. ఇప్పుడు పిల్లర్. మధ్యాహ్నం పడమటి ఎండ తిన్న బ్లాకు మీద చెయ్యి పెట్టలేరు. నీళ్లు చల్లి, చల్లారనిచ్చి, మళ్లీ చల్లండి. తక్కువ తక్కువ కలపండి, ఒకసారికి మూడు నాలుగు రాళ్లకు సరిపడా. చేతులకు ఇప్పుడు పని తెలుసు. పెట్టడం, ఆడించడం, నొక్కడం, నాలుగు అంచులూ చూడటం. పిల్లర్ నడుము ఎత్తు దాటింది, భుజం దాటింది. రెండు డ్రమ్ముల మీద చెక్క వేసి ఎక్కారు. చివరి వరసలు. పై మూల రాళ్లు రెండు మిగిలాయి.

గాలి ఆగిపోయింది.

మీరు గమనించలేదు. మేస్త్రీ గమనించాడు. పడమటికి తిరిగి చూస్తున్నాడు. అటువైపు ఆకాశం మట్టిరంగులో ఉంది, దాని కింద నలుపు.

"సార్, గాలిదుమారం వస్తున్నది."

ఎంతసేపట్లో? పది నిమిషాలు కావచ్చు, ఐదు కావచ్చు. మిగిలినవి రెండే రాళ్లు. గమేళాలో మాలు ఉంది. పెట్టేస్తే పిల్లర్ అయిపోతుంది. వదిలేస్తే పిల్లర్ నెత్తి తెరిచి ఉంటుంది. నెత్తి మీద కప్పే బండ, కోపింగ్, ఇంకా వేయలేదు. పైనుంచి దిగే నీళ్లు నేరుగా రాళ్ల వెనక్కి పోతాయి, పచ్చి మాలును కడిగేస్తాయి.

మీరు ఒక రాయి అందుకుంటారు. పట్టించారు. పెట్టారు. నొక్కుతున్నారు.

మొదటి గాలి వచ్చింది.

కళ్లల్లో దుమ్ము. చెక్క కదిలింది. ఆకుపచ్చ జాలీ ఒక వైపు తెగి ఎగిరింది. పక్కింటి మామిడిచెట్టు వంగింది, కాయలు రాలుతున్నాయి, టపటపా.

"దిగున్రి సార్!"

ఇంకొక్క క్షణం. రాయి పట్టుకోవాలి. చెయ్యి తీయలేరు.

కింద ఏదో కదిలింది. చూడండి. పక్కింటి పిల్లాడు. తెరిచి ఉన్న గేటులోంచి లోపలికి దొర్లిన కాయ కోసం వచ్చాడు. సరిగ్గా మీ పిల్లర్ కింద. వంగి ఉన్నాడు.

"ఒరేయ్, అవతలికి పో!"

వినిపించలేదు. గాలి హోరు.

అరచేతి కింద రాయి కదిలింది. కొంచెమే. అర అంగుళం కిందికి.

పైకి నెట్టాలా? నెట్టితే సరిగ్గా కూర్చుంటుంది. కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఒకసారి జారిన మాలు మళ్లీ పట్టదు. మీకు తెలుసు.

ఉరిమింది. దగ్గరే.

నెట్టకండి. బీకేయండి.

రెండు చేతులా లాగండి. ఊడింది. నాలుగు కిలోలు. ఛాతీకి హత్తుకోండి. చెక్క ఊగుతోంది. మోకాళ్లు వంచండి. కూర్చోండి. కిందినుంచి మేస్త్రీ చేతులు పైకి వచ్చాయి. రాయి అందించండి. అందుకున్నాడు. అక్క పిల్లాడి రెక్క పట్టుకుని గేటు బయటికి లాగింది. వాడి చేతిలో మామిడికాయ ఉంది.

"తాటిపత్రి!"

మేస్త్రీ విసిరాడు. గాలి దాన్ని నింపేసింది. మిమ్మల్ని లాగుతోంది. వదలండి. వదిలేయండి! ఒక కొస పిల్లర్ నెత్తి మీద పడింది. మేస్త్రీ నాలుగు ఇటుకలు తెచ్చాడు, పైన బరువు పెట్టడానికి. వద్దు. గాలికి అవే కింద పడతాయి. తాడు. పిల్లర్ చుట్టూ తాడు. ఒక చుట్టు. రెండు. ముడి.

దిగండి. పరుగెత్తండి.

వరండా మెట్టు ఎక్కేసరికి వాన మొదలైంది. మీ చేతులు వణుకుతున్నాయి. అమ్మ తువ్వాలు తెచ్చి మేస్త్రీకి ఒకటి, అక్కకు ఒకటి, మీకు ఒకటి ఇచ్చింది. ముగ్గురూ పిల్లర్ వైపే చూస్తున్నారు. తాటిపత్రి కొట్టుకుంటోంది, ముడి మాత్రం నిలిచింది. పొద్దున పెట్టిన గోడ రాళ్ల మీద నీళ్లు కారుతున్నాయి. వాటి సంగతేమిటి? వాటికి ఆరేడు గంటలైంది, పైన ఒక చెక్క బోర్లించి ఉంది. మధ్యాహ్నమంతా కాగి, ఇప్పుడు ఒక్కసారిగా తడిసి చల్లబడుతున్నాయి. రాయి ముందు ముడుచుకుంటుంది, వెనకున్న గోడ తరవాత. మధ్యలో ఉన్న మాలు ఆ తేడాను ఓర్చుకోవాలి.

అరగంటకు వాన వెలిసింది. పిల్లర్ మీద ఒకచోట తెల్లటి చార దిగింది, కడుక్కుపోయిన సిమెంటు పాలు. ఆరిందంటే రాయి ముఖం మీద ఉండిపోతుంది. స్పాంజి, మంచినీళ్లు, మెల్లగా అద్ది అద్ది తీయండి. తాటిపత్రి ఇవాళ విప్పకండి. మాలు గట్టిపడటానికి ఈ రాత్రంతా కావాలి.

మర్నాడు ఉదయం మేస్త్రీ మీకన్నా ముందే వచ్చి గోడ దగ్గర ఉన్నాడు. తాపీ తిప్పి పట్టుకుని, పిడితో ఒక్కో రాయినీ తడుతున్నాడు. మీరూ చెవి పెట్టండి. టక్. టక్. టక్. గట్టి చప్పుడు, గోడంతా కలిసి పలుకుతున్న చప్పుడు. పిల్లర్ కూడా అంతే. గోడ నాలుగో వరసలో ఒకచోట చప్పుడు మారింది. డబ్.

"గిది వానకు గాదు సార్," అంటాడాయన, మీ వైపు చూడకుండా. "నిన్న ఎండల పెట్టిన. మాలు తోలు గట్టినాక పెట్టిన."

ఉలి అంచు రాయి వెనక దూర్చి ఒక్క దెబ్బ వేశాడు. రెండో దెబ్బ అక్కర్లేకపోయింది. రాయి చేతిలోకి వచ్చేసింది. దగ్గరికి వచ్చి చూడండి. గోడ మీది మాలులో తాపీ గీసిన గీతలు అలాగే ఉన్నాయి, ఒక్కటీ నలగలేదు. నున్నగా మెరుస్తోంది. రాయి ఒక రోజంతా ఆ నునుపు మీద ఊరికే ఆనుకుని నిలబడింది.

"పక్కది కూడా తీసి చూద్దామా?" అని మీరే అడగండి. అది గట్టిగానే పలికింది. అయినా దాని పక్కనే పెట్టింది కదా, మీకు మనసు ఆగడం లేదు.

ఆయన ఉలి పెట్టి కొట్టాడు. రాలేదు. ఇంకోవైపు నుంచి కొట్టాడు. అంచు పగిలింది, రాయి రాలేదు. చెమట పట్టేదాకా కొడితే ముక్కలుగా ఊడింది. పెద్ద ముక్క తిప్పి చూపించాడు. వీపు మీద మాలు, ఆ మాలుకు అంటుకుని బొటనవేలి మందాన సిమెంట్ బ్లాకు పెచ్చు. గోడ చెక్కుకుని మరీ వచ్చింది.

మేస్త్రీ ఆ ముక్కను గోడ పక్కన పెట్టి, నున్నటి మాలును ఉలితో బ్లాకు దాకా గీకేస్తున్నాడు. మీరు సగం బస్తాలో సగమే కలపండి. గోడకు రెండు, నిన్న పిల్లర్ నెత్తిన మిగిలిన రెండు, నాలుగు రాళ్లకు అది చాలు. ఎండ రాకముందే నాలుగూ కూర్చున్నాయి, నాలుగు అంచులా మాలు వచ్చింది.

రెండో పిల్లర్ పని పక్కన పెడితే, ఇక మిగిలింది కోపింగ్. దానికి తాండూరు బండ చెబుదామని మీ నాన్న పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేస్త్రీ టేపు లాగుతుంటే, గోడ మందం కొలుస్తున్నాడని మీకు తెలుస్తుంది. ఆపి, రాయి ముఖం నుంచి కొలవమనండి. ఆరంగుళాల గోడ, దాని మీద రెండంగుళాల రాయి, అటూ ఇటూ అంగుళంన్నర బయటికి రావాలి. బయటికి వచ్చిన ఆ అంచు కింద ఒక గాడి కొట్టించాలి, నీళ్లు వెనక్కి పాకకుండా అక్కడే తెగి కింద పడేలా. ఆయన ఖాళీ డబ్బా అట్ట చింపి, చెవి వెనకున్న పెన్సిల్ తీసి రాసుకుంటున్నాడు. పదకొండు అంగుళాలు, గాడి రెండు దిక్కుల.